విప్పని అట్టపెట్టెలు: నిద్రలేమితో వచ్చిన ఒక కేసు

నిద్ర పట్టడం లేదని వచ్చిన మనిషి కేసు, ఆయన ఆన్‌లైన్ ఆర్డర్ల చిట్టా ముందు పెట్టుకుంటే తప్ప తెమలలేదు. క్లినికల్ సైకాలజిస్టుగా నాకు నిద్ర కేసులు చాలానే వస్తుంటాయి. ఎక్కువ భాగం తెలిసిన పద్ధతిలోనే కుదుటపడతాయి. ఇది పడలేదు. ఎందుకు పడలేదో అర్థమయ్యాక అదే పద్ధతి అదే మనిషి మీద పనిచేసింది. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను.

ఆయన, ఆయన భార్య ఇద్దరూ చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది. వయసు, ఉద్యోగం, ఇంటి సంగతులు, కొన్న వస్తువుల్లో కొన్ని మార్చాను.

నేపథ్యం

నలభైకి దగ్గర పడుతున్న మనిషి. ఒక సేవల కంపెనీలో టీమ్ లీడ్. పగలు తన టీమ్‌తో పని, రాత్రి వేరే దేశంలో ఉన్న క్లయింట్‌తో కాల్స్. భార్యకూ ఉద్యోగం ఉంది. బడికెళ్లే పాప ఒకతి. సిగరెట్టు, మందు అలవాట్లు లేవు. మానసిక సమస్యలకు ఇంతకు ముందు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. చిన్నప్పటి నుంచీ నిద్ర మాత్రం కాస్త పల్చనే, చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేది. కానీ అది ఎప్పుడూ సమస్య కాలేదు.

రెండేళ్ల కిందట ప్రమోషన్ వచ్చింది. జీతం పెరిగింది. దాని వెనకే ఇల్లు మారింది, కారు మారింది, పాప బడి మారింది. ఒక్కోటీ విడిగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం, జీతం పడిన వారంలోపే అందులో దాదాపు సగం వాయిదాల కింద వెళ్లిపోతోంది. ఈ సంగతి మొదటి సిట్టింగుల్లో రాలేదు. ఆయన వచ్చింది గుండె దడ గురించి.

ఏ బాధతో వచ్చారు

గుండె డాక్టరే నా దగ్గరికి పంపారు. ఈసీజీ, ఎకో, 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలన్నీ అయ్యాయి. అన్నీ మామూలుగానే ఉన్నాయి. బీపీ మాత్రం క్లినిక్‌లో 146/92, ఇంట్లో చూసుకుంటే కాస్త తక్కువ. మందు మొదలుపెట్టే ముందు కొన్నాళ్లు ఇంట్లో రీడింగులు రాసుకొమ్మన్నారు.

"గుండెకేం లేదన్నారు డాక్టర్ గారూ. మరి రాత్రిళ్లు ఎందుకిలా కొట్టుకుంటుంది?" అన్నది ఆయన మొదటి మాట.

రాత్రి రెండు దాటితే గానీ నిద్ర రాదు. పొద్దున్నే లేవాలి. తలకు పట్టీ బిగించినట్టు నొప్పి. పాప ఏదైనా రెండోసారి అడిగితే విసుక్కోవడం, తర్వాత దానికి బాధపడటం. సెలవు రోజు సాయంత్రం అయ్యేసరికి మర్నాటి పని గుర్తొచ్చి ఛాతీ బరువెక్కడం. నిద్రలేమి తీవ్రత కొలిచే ప్రశ్నావళిలో స్కోరు 28కి 19 వచ్చింది. కుంగుబాటుకు వాడే పీహెచ్‌క్యూ-9లో 27కి 12, ఆందోళనకు వాడే జీఏడీ-7లో 21కి 13.

ఇక్కడ మొదటి నిర్ణయం తీసుకోవాలి: దీన్ని ఏమని పిలవాలి? ఆయనే 'బర్నవుట్' అన్నారు, ఇంటర్నెట్‌లో చదివారట. 2019లో జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11ను ఖరారు చేసినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది. దానికి మూడు ముఖాలు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, పని చేయగలనన్న నమ్మకం తగ్గడం. ఈయనలో మొదటిది నిండుగా ఉంది. రెండోది అరకొరగా ఉంది. మూడోది అసలు లేదు. పనిలో మంచి పేరే ఉంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. కుంగుబాటు స్కోరును విడదీసి చూస్తే సగానికి పైగా మార్కులు నిద్ర, నీరసం, ఏకాగ్రత ప్రశ్నల నుంచే వచ్చాయి. చచ్చిపోవాలన్న ఆలోచనలు లేవు. పాపతో ఆడుకుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది, ఆడుకునే వేళే దొరకడం లేదు.

కాబట్టి ముందు నిద్రను పట్టుకుందాం అనుకున్నాను. నిద్ర సర్దుకుంటే మిగతా స్కోర్లలో ఏది దిగుతుందో, ఏది మిగులుతుందో కనబడుతుంది. ఏది దేని వల్ల వచ్చిందో అప్పుడు తేల్చుకోవచ్చు.

మొదట చేసినవి

దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కన్నా ముందు సీబీటీ-ఐ అనే మాటల చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సూచించింది. నేనూ దానితోనే మొదలుపెడతాను. నిద్ర డైరీ రాయించాను. పడక ఎక్కేది 11:45కి, దిగేది 6:45కి. ఆ ఏడు గంటల్లో నిద్ర సగటున నాలుగు ముప్పావు గంటలు, అంటే 68 శాతం. 85 దాటితే బాగున్నట్టు లెక్క.

పద్ధతి అందరికీ చెప్పేదే. పడక మీద ఉండే సమయాన్ని నిజంగా పట్టే నిద్రకు దగ్గరగా కుదించాలి. ఈయనకు 1:15 నుంచి 6:45 వరకు పెట్టాను. ఐదు గంటల కన్నా తగ్గించకూడదన్నది నియమం. పడక నిద్రకే తప్ప ఇంకో పనికి వాడకూడదు. ఫోన్ పడకగదిలో ఉండకూడదు. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు, తాగినదాంట్లో సగం కెఫీన్ ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

తొలి రోజుల్లో కాస్త మెరుగు కనబడింది. తర్వాత డైరీ మళ్లీ చెడింది. కారణం అడిగితే ఆయన నవ్వారు. ఫోన్ హాల్లో ఉండాలన్నాను కదా, హాల్లోనే ఉంది. ఆయన కూడా హాల్లోనే ఉన్నారు. పైగా 1:15 దాకా మేలుకుని ఉండమని డాక్టరే చెప్పాక, రాత్రి పదకొండుకు కాల్ ముగిశాక ఇంకో రెండు గంటలు చట్టబద్ధంగా చేతికొచ్చాయి. ఆ రెండు గంటలూ షాపింగ్ యాప్‌లో గడుస్తున్నాయి. 1:15 కాస్తా రెండవుతోంది. నిద్ర ముంచుకొస్తుంటే కూడా మేలుకునే ఉంటున్నారు.

ఇది చాలా పెద్ద తేడా. నిద్రలేమి రోగి పడుకోవాలనుకుంటాడు, నిద్ర రాదు. ఈయనకు నిద్ర వస్తోంది, ఆయనే పడుకోవడం లేదు. బయటి అడ్డేమీ లేకపోయినా నిద్రను కావాలని వాయిదా వేసే ఈ అలవాటును నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో విడిగా గుర్తించి రాశారు. రెండూ డైరీలో ఒకేలా కనిపిస్తాయి. ఈయనలో రెండూ కలిసి ఉన్నాయి. వాయిదా వేసి వేసి చివరికి పడుకునేసరికి టెన్షన్‌తో గుండె కొట్టుకుంటుంది, అప్పుడు నిజంగానే నిద్ర రాదు.

అప్పుడే ఖర్చుల సంగతి బయటపడింది. భార్యను కూడా రమ్మన్నాను. ఆమె ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. పడకగదిలో తలుపు వెనక మూల, కింది నుంచి ఛాతీ ఎత్తు వరకు అట్టపెట్టెలు. చాలావాటికి టేపు కూడా కోయలేదు. అన్నిటికన్నా కింద పొడుగాటి పెట్టె ఒకటి, అందులో టెలిస్కోప్. దాని మీద అతికించిన డెలివరీ చీటీ వెలిసిపోయింది. ఒక పక్కన అట్ట మీద పాప రంగు పెన్సిళ్లతో ఇల్లు, చెట్టు గీసింది. ఆ పెట్టె ఎంతకాలంగా అక్కడ ఉందో చెప్పడానికి ఆ బొమ్మ చాలు.

ఖర్చును ఆపబోతే

ఇద్దరూ అడిగింది ఒకటే: కొనడం మాన్పించండి. అడిగినదాంట్లో న్యాయం ఉంది. అప్పటికే ఉన్న వాయిదాల మీద ఈ కొత్త వాయిదాలు వచ్చి పడుతున్నాయి.

ఇది కొనుగోళ్ల వ్యసనమా అని చూశాను. వ్యసనంలా అదుపు తప్పిన కొనుగోళ్లను ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే జర్మన్ మానసిక వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ వర్ణించాడు. అయినా మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే అమెరికన్ కరదీపిక డీఎస్ఎం-5లో అది ఇప్పటికీ విడి జబ్బుగా లేదు. పేరు ఉన్నా లేకున్నా, ఈయన తీరు దానితో సరిపోలేదు. దుకాణానికి వెళితే చీటీలో రాసినవే తెస్తారు. పగలు ఏమీ కొనరు. ఇంట్లో వాళ్ల దగ్గర మొదట్లో దాచనూ లేదు. అంతా రాత్రి పదకొండు తర్వాతే.

అయినా ఖర్చుకు ఒక అడ్డుకట్ట కావాలని ముగ్గురం ఒప్పుకున్నాం. యాప్‌లు తీసేశారు. కార్డు భార్య దగ్గర పెట్టారు. అప్పు పెరగకుండా ఆగితే ఆ మేరకైనా ఆందోళన దిగుతుందన్నది నా ఆలోచన. అది తిరగబడింది. భార్య కాపలాదారయ్యారు, ఆయన తప్పు చేసి దొరికిన పిల్లవాడయ్యారు. కొద్ది రోజులకే యాప్‌లు మళ్లీ ఫోన్‌లోకి వచ్చాయి. పార్సిళ్లు ఇంటికి బదులు ఆఫీసుకు చేరడం మొదలైంది. అప్పటిదాకా లేని దాపరికం కూడా వచ్చి చేరింది. "నేనేమన్నా ఆయన మీద పోలీసునా?" అని ఆమె బాధపడ్డారు. ఆ ఏర్పాటు వెంటనే ఆపేయమన్నాను. ఖర్చు తగ్గకపోగా భార్యాభర్తల మధ్య ఉన్న కాస్త సఖ్యతను కూడా అది తినేస్తోంది.

ఈ లోపు గుండె డాక్టరు సలహా మీద ఆయన ఒక వారం సెలవు పెట్టారు. ఊరెక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉన్నారు. మూడో రాత్రి నుంచి పదకొండుకే నిద్ర. దడ లేదు. ఇంట్లో బీపీ దిగింది. వారమంతా ఒక్క ఆర్డర్ కూడా లేదు, కార్డు ఆయన చేతిలోనే ఉంది. తిరిగి పనిలో చేరిన వారంలోనే అంతా మొదటికొచ్చింది. సెలవుల మేలు పనిలో చేరాక కొద్ది వారాల్లో కరిగిపోతుందని పరిశోధనల్లోనూ పదే పదే కనబడింది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. చికిత్సగా సెలవు విఫలమైంది. పరీక్షగా మాత్రం హోల్టర్ చెప్పలేనిది చెప్పింది. అదే ఇల్లు, అదే పడక, అదే ఫోన్, అదే అప్పు. మారింది సాయంత్రం ఒక్కటే.

చిట్టా చెప్పినది

కొన్నవన్నీ ఒక పట్టికగా రాయమన్నాను. ఎంత ఖర్చయిందన్న గడి కావాలనే పెట్టలేదు. ఆ అంకె చూస్తే ఆయనకు సిగ్గే మిగులుతుంది, సమాచారం రాదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం చేస్తున్నారు, వచ్చాక విప్పారా, వాడాలంటే ఏం కావాలి: ఈ ఐదు గడులే.

ఆర్డర్ చేసిన వేళల్లో వింతేమీ లేదు, కాల్ ముగిసిన గంటలోపే. రివ్యూ కాల్ ఉన్న రాత్రుల్లో ఎక్కువ, సెలవుల్లో సున్నా. నన్ను ఆపింది చివరి గడి. టెలిస్కోప్, గిటారు, నీటిరంగుల సెట్టు, గుడారం, పరుగుకు బూట్లు, చెక్కపని పనిముట్లు, పాపతో కలిసి కట్టే పెద్ద బొమ్మ ఓడ. 'వాడాలంటే ఏం కావాలి' అన్నచోట మొదట ఒక్కోదానికీ వేర్వేరుగా రాస్తూ వచ్చి, సగం నుంచి కింది దాకా ఆయన ఒకటే మాట రాశారు: టైమ్.

నగలు లేవు, ఖరీదైన గడియారాలు లేవు, పదిమందికి చూపించుకునేవి దాదాపు ఏమీ లేవు. ఇల్లు, కారు విషయంలో నలుగురిలో నిలబడాలన్న ఒత్తిడి పనిచేసి ఉండొచ్చు. అర్ధరాత్రి కొన్నవి మాత్రం తీరిక ఉన్న మనిషి కొనే వస్తువులు. ఆ తీరిక ఆయనకు లేదు. దాని సామాను మాత్రం ఇంటికి చేరుతోంది.

ఆ పట్టిక ముందు కూర్చుని ఆయన అన్న మాట నా నోట్సులో ఉన్నదున్నట్టు ఉంది: "పదకొండు తర్వాత ఆ ఒక్క గంటే నాది డాక్టర్ గారూ. మిగతాదంతా ఎవరో ఒకరిది. ఆ గంటలో నాకు కావాల్సింది నేనే ఎంచుకుంటాను. ఎవరూ ఫాలో-అప్ అడగరు."

ఎంచుకోవడం అన్న మాట దగ్గర కేసు తిరిగింది. పనిభారం ఒక్కటే మనిషిని కుంగదీయదనీ, భారం ఎక్కువై తన పని మీద తనకు చెల్లుబాటు లేకపోయినప్పుడే ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుందనీ రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించాడు. ఈయన హోదాకు లీడ్. కానీ మీటింగ్ ఎప్పుడో క్లయింట్ చెబుతాడు, గడువు ఎప్పుడో పైవాళ్లు చెబుతారు, సెలవు ఎవరికి ఇవ్వాలో హెచ్ఆర్ చెబుతుంది. పొద్దున్న నుంచి రాత్రి దాకా ఆయన ఇష్టానికి జరిగేది కార్ట్‌లో వస్తువు వేయడం ఒక్కటే. వస్తువు వచ్చాక ఆ సంతోషం ఎందుకు లేదన్నదానికీ సమాధానం ఉంది. కోతుల మెదళ్లపై వుల్‌ఫ్రామ్ షుల్జ్ చేసిన ప్రయోగాల్లో, బహుమతి అలవాటయ్యాక డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు బహుమతి అందినప్పుడు కాక, అది రాబోతోందన్న సూచన కనబడ్డప్పుడు చురుగ్గా స్పందించాయి. ఎంచుకుంటున్నప్పుడు ఉన్న హుషారు డెలివరీ నాడు ఉండదు. ఈయన విషయంలో డెలివరీ వచ్చేసరికి మళ్లీ ఏదో ఒక కాల్‌లో ఉంటారు. టేపు కోయడానికి కూడా చేయి ఖాళీ ఉండదు.

అప్పుడు మొత్తం చక్రం కాగితం మీద గీశాం. రాత్రి కాల్స్ సాయంత్రాన్ని మింగేస్తాయి. పోయిన సాయంత్రాన్ని ఆయన నిద్రలోంచి తీసుకుంటారు. ఆ దొంగిలించిన గంటలో కొంటారు. కొన్నది వాయిదా అవుతుంది. వాయిదాలు ఉన్నాయి కాబట్టి ఉద్యోగం పోతే ఎలా అన్న భయం. ఆ భయంతో ఏ కాల్‌కూ 'కుదరదు' అనలేరు. కాబట్టి ఇంకో రాత్రి కాల్. నిద్ర మీద, ఖర్చు మీద విడివిడిగా చేసిన ప్రయత్నాలు ఎందుకు నిలవలేదో ఆ బొమ్మలో తెలిసిపోతుంది. రెండూ ఆయనకున్న ఒక్క గంటను లాక్కునేవే, బదులుగా ఇచ్చింది ఏమీ లేదు.

పనిచేసినది

ముందు ఒక సాయంత్రాన్ని తిరిగి ఇవ్వాలి, ఆ తర్వాతే ఏదైనా అడగాలి అని వరస మార్చాను. వారం పని గంటలు నిజాయితీగా లెక్క వేయిస్తే కాల్స్‌తో కలిపి 58 వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ఆయనకు చెప్పాను: వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆయన పెద్దగా కదల్లేదు. జనాభా లెక్కలకు ఎవరూ కదలరు. సెలవు వారంలో తన చేత్తో రాసుకున్న బీపీ అంకెలు, పనివారంలో రాసుకున్నవి పక్కపక్కన పెడితే మాత్రం చాలాసేపు చూశారు.

మేనేజర్‌తో ఎలా మాట్లాడాలన్నది అన్నిటికన్నా ఎక్కువ సిట్టింగులు తిన్న విషయం. ఆరోగ్యం బాగోలేదని చెబుదామని ఆయన అనుకున్నారు. నేను వద్దన్నాను. ఆ మాటతో అది దయగా మారుతుంది. దయకు గడువు ఉంటుంది. పైగా 'ఇతను తట్టుకోలేడు' అన్న ముద్ర పడుతుందన్న ఆయన భయం అర్థం లేనిదేమీ కాదు. దాని బదులు పని భాషలోనే ఒక ప్రతిపాదన తయారు చేశాం. వారంలో ఐదు రాత్రి కాల్స్‌లో రెండింటిని రాతపూర్వక నివేదికగా మార్చడం, ఒకదాన్ని టీమ్‌లో ఇద్దరు సీనియర్లు వంతులవారీగా నడపడం, ఒక నెల చూసి కుదరకపోతే పాత పద్ధతికి వెళ్లడం. నేను మేనేజర్‌గా కూర్చుని కటువుగా మాట్లాడితే ఆయన జవాబు చెప్పడం సాధన చేశారు. మొదట్లో ప్రతి వాక్యం 'సారీ'తో మొదలయ్యేది. అది పోవడానికే టైమ్ పట్టింది. చివరికి అడిగితే, మేనేజర్ నెల రోజుల ప్రయోగానికి పెద్దగా వాదించకుండానే ఒప్పుకున్నారు.

మూడు సాయంత్రాలు చేతికొచ్చాయి. వాటిలో ఏం చేయాలో నేను చెప్పలేదు. వ్యాయామం చేయండి, ధ్యానం చేయండి అని చెప్పి ఉంటే అవీ ఆయన్ను అడిగే ఇంకో రెండు పనులయ్యేవి. మొదటి వారం ఊరికే కూర్చున్నారు, అది ఆయనకు వింతగా ఉంది. తర్వాత పాప, ఆయన కలిసి ఓడ పెట్టె విప్పారు. పరుగు బూట్లు నడకకు పనికొచ్చాయి. గిటారు మాత్రం తనకు అక్కర్లేదని తేలింది, అమ్మేశారు.

ఆ తర్వాతే కొనుగోళ్ల దగ్గరికి వచ్చాం. నిషేధం పెట్టలేదు. ఫోన్‌లో దాచి ఉన్న కార్డు వివరాలు తుడిచేశారు, ప్రతిసారీ అంకెలు కొట్టాలి. రాత్రి నచ్చినది ఏదైనా కార్ట్‌లో వేసుకోవచ్చు. డబ్బు కట్టేది మాత్రం శనివారం పగలు, భార్య పక్కన ఉండగా. ఆమె అనుమతి ఇవ్వడానికి కాదు, తనకు కావాల్సినవీ అదే జాబితాలో చేర్చడానికి. ఎంచుకునే సరదాను ఉంచేసి అప్పును మాత్రం విడదీయడం దీని ఉద్దేశం. శనివారం నాటికి జాబితాలో చాలావరకు ఆయనే కొట్టేసేవారు.

వాయిదాల విషయంలో సలహా చెప్పడం నా పని కాదు. ఆర్థిక సలహాదారు దగ్గరికి పంపాను. నేను చేయించిన లెక్క ఒక్కటే: రేపే ఉద్యోగం పోతే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఆయన మనసులో ఉన్న జవాబు 'ఒక నెల'. కాగితం మీద, భార్య జీతం కలిపితే, చాలా నెలలే వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుని కారును చిన్నదానికి మార్చుకున్నారు, విప్పని వస్తువులు కొన్ని అమ్మారు. వాయిదాల వాటా సగం నుంచి మూడో వంతుకు వచ్చింది. ఇదే మాట మొదట్లోనే చెప్పి ఉంటే కారు మార్చడం ఆయనకు ఓటమిలా తోచేది. సాయంత్రాలు చేతికొచ్చాక ఆఫీసుకూ ఇంటికీ తిరిగే వస్తువు అంత పెద్దది ఎందుకన్న ప్రశ్న ఆయన నుంచే వచ్చింది.

చివరగా పాత సీబీటీ-ఐ, అదే నియమాలతో. ఈసారి నిలిచింది. పడక మీద నిద్ర 86 శాతానికి వచ్చింది, నిద్రలేమి స్కోరు 8కి, పీహెచ్‌క్యూ-9 ఐదుకు, జీఏడీ-7 ఆరుకు దిగాయి. ఇంటి బీపీ 128/82 దగ్గర నిలకడగా ఉంది. మందు అవసరం ఇప్పటికి లేదన్నారు గుండె డాక్టరు.

మధ్యలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. అప్రైజల్ నెలలో తన కన్నా జూనియర్ ఒకరు పెద్ద ఇల్లు కొన్నారు. రెండు వారాలు ఇళ్ల యాప్‌లో గడిచాయి, నిద్ర మళ్లీ చెడింది. ప్రమోషన్ వచ్చిన రోజు సంతోషం ఎన్నాళ్లు నిలిచిందని అడిగితే "కొత్త కారు వాసన పోయేదాకా" అన్నారు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం చేసిన అధ్యయనంలో లాటరీ గెలిచినవారు ఇరుగుపొరుగు కన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా కనిపించలేదు, పైగా రోజువారీ చిన్న చిన్న ఆనందాలు వాళ్లకు పల్చబడ్డాయి. ఆ సంగతి ఆయనకు చెప్పాను. అయితే అందులో ఉన్నది 22 మంది విజేతలే. స్వీడన్‌లో చాలా పెద్ద సంఖ్యలో లాటరీ విజేతలపై చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో జీవితం మీద తృప్తి పదేళ్లు దాటినా ఎక్కువగానే ఉంది. అదీ చెప్పాను. డబ్బుతో సుఖం రాదని నెల జీతం మీద బతికే మనిషికి బోధించడం నాకు మింగుడుపడదు. అప్పు లేకుండా చేసే డబ్బు ఒంటికి మంచిదే. ఆయన తేల్చుకోవాల్సింది వేరు: ఆ పెద్ద ఇల్లు కొంటే ఏ రాత్రి కాల్ మళ్లీ ఒప్పుకోవాలి? లెక్క వేసుకున్నారు. కొనలేదు.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

నిద్ర కేసు వస్తే 'ఎన్ని గంటలకు పడుకుంటారు' అన్నదానితో పాటు 'పడుకునే ముందు గంట ఎవరిది' అని ఇప్పుడు మొదటి సిట్టింగ్‌లోనే అడుగుతున్నాను. నిద్ర వస్తున్నా పడుకోని మనిషికి పడక సమయం కుదిస్తే ఉన్న సమస్యకు ఇంకో గంట మేత వేసినట్టే. వాయిదాల గురించి కూడా ముందే అడుగుతాను, డబ్బు ఎంతని కాదు. అప్పు వల్ల ఆఫీసులో ఏ మాట అనలేకపోతున్నారు అని. ఈ ప్రశ్నకు జనం నేను అనుకున్న దానికన్నా త్వరగా జవాబిస్తున్నారు.

కొన్న వస్తువులను బలహీనతకు రుజువులుగా చూడకుండా వరసగా పేర్చి చదివితే, మనిషికి ఏం కొరవడిందో అవే చెప్పవచ్చు. అందరికీ అలా ఉండదు. ఇంకొకరి చిట్టాలో అన్నీ పదిమందికి చూపించుకునేవే ఉంటే సమస్య పోలిక దగ్గర ఉండొచ్చు. అక్కడ సాయంత్రం తిరిగి ఇచ్చినా పెద్దగా మారదు.

ఈ దారికి గట్టి పరిమితి ఒకటుంది. ఈయనకు బేరమాడే స్థానం ఉంది, వినే మేనేజర్ దొరికారు, రెండో జీతం ఉంది. యాప్ చెప్పిన వేళకు డెలివరీ ఇచ్చే మనిషికో, షిఫ్ట్ ఎప్పుడో ముందురోజు రాత్రి తెలిసే మనిషికో ఈ ప్రతిపాదన కాగితం పనికిరాదు. వాళ్లలో కొందరు ఒక్కరుగా అడగలేనిది తోటివాళ్లతో కలిసి అడిగి షిఫ్ట్ పట్టిక వారం ముందే తెప్పించుకున్నారు. అది నా గదిలో కూర్చుని చేయగలిగిన చికిత్స కాదు. అది జరిగేదాకా నిద్రకు నేను చేసేది ఉపశమనం మాత్రమే, ఆ మాట వాళ్లకూ చెబుతాను.

ఆయన అదే కంపెనీలో ఉన్నారు. ఈ మధ్య కొత్త క్లయింట్ రావడంతో ఒక రాత్రి కాల్ మళ్లీ వచ్చింది, రెండోది అడుగుతున్నారు. ఈసారి ఆయన నిద్ర చెడక ముందే ఫోన్ చేశారు. వచ్చే వారం భార్యతో కలిసి వస్తున్నారు, కొత్త ప్రతిపాదన ముసాయిదా తనే రాసి తెస్తానన్నారు.